నలభై ఒకటో పేజీ

“సార్, కొంచెం పక్కకి జరగండి. బీరువాలో నా యూనిఫాం తీసుకోవాలి.”

బావగారిని మరదలు ‘సార్’ అని పిలవడం ఆ ఇంట్లో అది నాలుగో రోజు. మొదటిరోజు ఆయన నవ్వాడు. తర్వాత రెండు రోజులు విననట్టు ఊరుకున్నాడు. ఇవాళ మాత్రం చేతిలో ఉన్న టీ గ్లాసు కిటికీ గట్టు మీద టక్కున పెట్టాడు.

“ఇది ఇల్లు. క్లాసు కాదు.”

“నాకు రెండూ ఒకటే అయిపోయాయి సార్. క్లాసులో మీరు రాసిన ఫిర్యాదు ఉత్తరమై ఇంటికే వచ్చింది కదా.”

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్క వింటోందన్నమాట. నాలుగు రోజులుగా ఆవిడ చేస్తున్న పని అదొక్కటే. మొగుడి మాట వింటుంది, చెల్లెలి మాట వింటుంది, ఎవరికీ జవాబు చెప్పదు.

అమ్మకి మాత్రం ఆ ఓపిక లేదు. “పొద్దున్నే మొదలెట్టావా? అల్లుడుగారు టీ అయినా ప్రశాంతంగా తాగొద్దా?”

“తాగనీ అమ్మా. నేనేమన్నా అందులో విషం కలిపానా?”

“నోరు చూడు నోరు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందే నీకు?”

“వాసాల జోలికి నేను పోలేదు. ఇంట్లో ఉన్న మనిషిని పట్టుకెళ్ళి కమిటీకి అప్పజెప్పింది నేను కాదు.”

ఆ ఉత్తరం సోమవారం వచ్చింది. విప్పింది అక్క. వార్డులో చేతుల శుభ్రత గురించి మరదలు రాసిన వ్యాసంలో మూడు పేజీలు పాఠ్యపుస్తకంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయనీ, శుక్రవారం పదకొండు గంటలకు కమిటీ ముందు సంజాయిషీ చెప్పుకోవాలనీ, తప్పు రుజువైతే యూనివర్సిటీ నుంచి పేరు కొట్టేస్తామనీ అందులో ఉంది. ఫిర్యాదు చేసిన లెక్చరరుగా బావగారి సంతకం ఉంది. ఆ సంతకం పెట్టిన తర్వాత ఆయన పన్నెండు రోజులు మరదలికి ఎదురుగా కూర్చుని భోజనం చేశాడు. కూర బాగుంది, ఇంకాస్త వెయ్యమని కూడా అడిగాడు.

చెల్లెలు పదకొండేళ్ళుగా ఆస్పత్రిలో నర్సు. డిగ్రీ లేదు కాబట్టి వార్డు ఇన్‌ఛార్జి పదవి రాలేదు. తను చెయ్యి పట్టుకుని సూది గుచ్చడం నేర్పిన పిల్ల ఇప్పుడు ఇన్‌ఛార్జి అయి తనకే డ్యూటీలు వేస్తోంది. ఆ మంటతోనే ముప్పై నాలుగో ఏట యూనివర్సిటీలో చేరింది. అక్కడ అన్నీ ఇంగ్లీషులోనే. చదివితే అర్థమవుతుంది, రాయమంటేనే చచ్చే చావు. ఇంట్లో ఇంగ్లీషు వినకుండా పెరిగిన తనలాంటి వాళ్ళకి వ్యాసం ఎలా రాయాలో, పరుల మాట ఎలా వాడుకోవాలో నేర్పే లెక్చరరు బావగారే. ఇంట్లోనే మాస్టారున్నాడు, ఇంకేం కావాలని అప్పట్లో అందరూ అన్నారు.

“నేను చూసి రాయలేదని మీకు తెలుసు,” అంది చెల్లెలు, బీరువా తలుపు పట్టుకుని.

“నాకు తెలిస్తే సరిపోదు. కాగితం మీద కనిపించాలి.”

“పుస్తకం నోటికొచ్చేదాకా చదివాను. మూసేశాను. అప్పుడు రాశాను. చిన్నప్పటి నుంచి నాకు నేర్పిన చదువే అది. ఒక్క ముక్క అటూ ఇటూ అయితే మార్కులు కోసేవాళ్ళు. ఆ సంగతి మీకు తెలియదూ? మీ పెళ్ళయిన కొత్తలో స్నేహితుల్ని కూర్చోబెట్టి, పేపర్లో ఏదో వార్త నాకిచ్చి, రెండుసార్లు చదవనిచ్చి, మడిచి మీ జేబులో పెట్టుకుని, ‘మా మరదలు టేపురికార్డరు, వినండిరా’ అనలేదూ? చప్పట్లు కొట్టించలేదూ?”

బావగారు కిటికీ వైపు తిరిగాడు. “అది సరదా. ఇది చదువు.”

“ఒక్కమాట నాతో అనుండొచ్చు కదా. ఇలా రాయకూడదు, మళ్ళీ రాసి తీసుకురా అని. క్లాసులో మిగతావాళ్ళకి రెండేసి, మూడేసి సార్లు చెప్పారు.”

“వాళ్ళు నా ఇంట్లో ఉండరు. నిన్ను వదిలేస్తే సొంత మనిషని వదిలేశాడంటారు.”

“అందుకని సొంత మనిషిని బలిచ్చి మంచిపేరు తెచ్చుకున్నారు.”

ఆ మాట అబద్ధమేమీ కాదు. సొంత మరదలినే పట్టించిన నిజాయితీపరుడని శాఖలో ఆయన్ని ఆకాశానికెత్తేశారు. ఆ వారమే ఉపశాఖాధిపతి పదవికి ఆయన పేరు పైకి వెళ్ళింది.

ఆయన టీ గ్లాసు అక్కడే వదిలేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అక్క వచ్చి గ్లాసు తీసింది, చెల్లెలి వైపు చూడలేదు.

“నువ్వేమీ అనవా అక్కా?”

“ఆస్పత్రికి టైమవుతోంది, వెళ్ళు,” అంది అక్క.

ఆస్పత్రిలో మధ్యాహ్నం డ్యూటీ దిగాక చెల్లెలు లైబ్రరీకి వెళ్ళింది. సంజాయిషీ రాయాలి, అదీ ఇంగ్లీషులో. శాఖాధిపతి మేడమ్ మంచిదే. నీ తప్పేమిటో ముందు నువ్వు తెలుసుకో, తర్వాత నీ మాటల్లో రాసుకురా అని చెప్పింది. బావగారు రాసిన చిన్న పుస్తకం ఎలాగూ సంచీలో ఉంది. యూనివర్సిటీలో చేరిన ప్రతి ఒక్కరికీ ఇస్తారది. చెల్లెలికి అది ముందుమాట నుంచి ఆఖరి పేజీ దాకా నోటికి వచ్చు.

అది చాలదనిపించి పాత బీరువాల్లో వెతికితే ఇంకొకటి దొరికింది. ముప్పై ఏళ్ళ కిందటిది, అట్ట ఊడిపోయింది. పరుల మాటలు వాడుకునే పద్ధతి అనే పాఠం తీసి చదవడం మొదలుపెట్టింది.

“ఒకరి మాటను వారి పేరు చెప్పకుండా వాడుకోవడం, గుమ్మంలో ఉన్న గొడుగును అడక్కుండా తీసుకుని వానలో వెళ్ళిపోవడం వంటిది...”

పేజీ తిప్పకముందే తర్వాతి వాక్యం నోట్లోకి వచ్చేసింది. తిప్పి చూస్తే అదే. దాని తర్వాతది కూడా నోట్లోకి వచ్చింది. అదీ అదే. ఇదెప్పుడు చదివానబ్బా అనుకుంది. ఈ పుస్తకం ఎప్పుడూ చదవలేదు. చదివింది బావగారి పుస్తకం, నలభై ఒకటో పేజీ.

నాలుగు పేజీలు అలాగే నడిచాయి. గొడుగు కూడా మారలేదు.

చెల్లెలికి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. లైబ్రేరియన్ బల్ల మీద పెన్సిలుతో కొట్టి, ఇది లైబ్రరీ అని గుర్తుచేసింది. చెల్లెలు క్షమాపణ చెప్పి, ఆ నాలుగు పేజీలూ జిరాక్స్ తీయించింది. కాగితాలు ఇంకా వెచ్చగా ఉండగానే సంచీలో పెట్టుకుంది. డిగ్రీ పోతే పోనీ, పోయేముందు ఆ మనిషి తల నలుగురిలో దించి పోవాలి అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్క మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. రేపు కమిటీకి వేసుకునే చొక్కా.

“బాగా చెయ్యి అక్కా. రేపు మొహం ఎలాగూ మాడిపోతుంది, చొక్కా అయినా బాగుండాలి.”

“ఏం మాట్లాడుతున్నావే?”

చెల్లెలు కాగితాలు ఇస్త్రీ బల్ల మీద పరిచింది. పక్కనే బావగారి పుస్తకం తెరిచి పెట్టింది. “దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, దొంగతనం చెయ్యకూడదని చెప్పే పేజీనే దొంగిలించాడు నీ మొగుడు. గురివింద తన నలుపెరగదంటారు. ఈయనకి ఒళ్ళంతా నలుపే.”

అక్క ఇస్త్రీపెట్టె స్విచ్ కట్టేసింది. కాగితాలు చేతిలోకి తీసుకుంది. పై వాక్యాలు చదవలేదు. బావగారి పుస్తకంలో ఆ పేజీ అడుగున ఖాళీగా ఉన్న చోటునే చూస్తూ నిలబడింది.

“ఆకుపచ్చ అట్ట కదూ ఆ పుస్తకానిది?”

“అట్ట లేదు, ఊడిపోయింది. వెన్ను మాత్రం ఆకుపచ్చే. నీకెలా తెలుసు?”

“ఆ లైబ్రరీలోనే కూర్చుని రాసుకున్నాను కాబట్టి.”

చెల్లెలికి వెంటనే అర్థం కాలేదు. అక్క నెమ్మదిగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. “మీ బావగారికి పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఆరు నెలల్లో పుస్తకం కావాలన్నారు. ఆయనకి తీరిక లేదు. ఇంగ్లీషులో ఎమ్మే చేసి ఇంట్లో ఖాళీగా కూర్చున్నదాన్ని నేనే కదా. పదకొండు అధ్యాయాలూ నేనే రాశాను.”

“నువ్వా?”

“ఎవరి మాట తీసుకుంటే వాళ్ళ పేరు, పుస్తకం పేరు, పేజీ నంబరుతో సహా అడుగున రాశాను. గొడుగు మాట రాసినాయన పేరూ రాశాను. అచ్చయి వచ్చాక చూస్తే పైన నా పేరు లేదు, అడుగున వాళ్ళ పేర్లూ లేవు.”

“అడగలేదా?”

“అడిగాను. పిల్లలు చదువుకునే పుస్తకానికి అంత చాదస్తం ఎందుకన్నారు. అన్ని పేర్లుంటే మనం రాసినట్టు ఉండదన్నారు.”

“ముందుమాటలో...” చెల్లెలు ఆగిపోయింది. తనకి నోటికి వచ్చు కాబట్టి ఆపినా ఆగలేదు. “‘వేళకు టీ అందించిన నా శ్రీమతికి కృతజ్ఞతలు.’ నేను అది చదివి, బావగారికి నువ్వంటే ఎంత ప్రేమో అనుకున్నాను అక్కా.”

అక్క చొక్కా మడతపెట్టింది. సరిగా రాలేదని విప్పి మళ్ళీ పెట్టింది.

“రేపు ఇవి బల్ల మీద పడేస్తాను,” అంది చెల్లెలు. “నాదీ నీదీ ఒకేసారి తీరిపోతుంది.”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

“నా పగ నువ్వు తీర్చక్కర్లేదు. ఆయన మీద పడ్డది నా నెత్తిన కూడా పడుతుంది. ఆ వాక్యాలు నా చేతివి.”

“నీ పేరే లేదు కదే!”

“పేరు లేకపోయినా నావే. రోజూ ఆ పుస్తకం చేత్తో పట్టుకుని పిల్లలు ఈ వీధిలో పోతుంటారు. నేను కిటికీలోంచి చూస్తుంటాను. నాకు మిగిలింది అదొక్కటే. దాన్ని దొంగ పుస్తకం చెయ్యకు.”

చెల్లెలికి ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది. “మరి నా పగ? నన్ను ఆయన దొంగని చేశాడు. నా పదకొండేళ్ళ కష్టం గంగలో కలుపుతున్నాడు. నాకేం మిగులుతుంది?”

తలుపు దగ్గర నిలబడి అంతా విన్న అమ్మ అప్పుడు నోరు తెరిచింది. “ఆయనింట్లో ఉంటూ ఆయన పరువు తీస్తే రేపు మనం ఎక్కడుంటామే? ఆలోచించావా?”

“ఎక్కడో ఒకచోట ఉందాం. టీ అందించడం మనకి వచ్చు కదా, ఎవరో ఒకరు ఉండనిస్తారు.”

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. చెల్లెలు కాగితాలు మడిచి సంచీలో పెట్టింది.

“ఒక్క మాట ఇస్తాను. రేపు నా సంగతి ఆయన్ని అడుగుతారు. పుస్తకం నోటికి పట్టే అలవాటు నాకుందని ఆయన నిజం చెప్తే చాలు. ఈ కాగితాలు సంచీలోంచి బయటికి రావు. నేను ఓడిపోయినా రావు. అబద్ధం చెప్తే మాత్రం నన్నాపకు.”

“నిజమే చెప్తారు,” అంది అక్క. “ఆయన అంత చెడ్డవారు కాదు. నేనూ వస్తాను రేపు. నువ్వే చూద్దువుగాని.”

శుక్రవారం పదకొండు గంటలకి శాఖాధిపతి మేడమ్ గదిలో పొడుగు బల్లకి అటువైపు ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో మేడమ్, అటూ ఇటూ ఇద్దరు ప్రొఫెసర్లు. కొంచెం దూరంగా, ఇస్త్రీ చొక్కాలో, బావగారు. ఆ గది తలుపు సరిగా పడదు, జానెడు సందు ఎప్పుడూ ఉంటుంది. ఆ సందులోంచి వరండాలో బల్ల మీద కూర్చున్న అక్క చీర చెంగు కనిపిస్తోంది.

చెల్లెలు తన సంజాయిషీ ఇంగ్లీషులో చదివింది. ఈసారి ప్రతి వాక్యం తనదే. అక్కడక్కడా తడబడింది. వార్డులో చేతులు ఎందుకు కడుక్కోవాలో తనకి పదకొండేళ్ళుగా తెలుసనీ, అయినా తన ఇంగ్లీషు మీద నమ్మకం లేక పుస్తకం ఇంగ్లీషు కంఠతా పట్టి రాశాననీ, పుస్తకం మూసేసి గుర్తున్నది రాసినా అది పరుల మాటే అవుతుందని తనకి తెలియదనీ చెప్పింది.

“మూడు పేజీలా?” కుడివైపు ప్రొఫెసరు కళ్ళజోడు తీశాడు. “కామాలతో సహా? అమ్మా, ఇది నమ్మమంటావా?”

మేడమ్ బావగారి వైపు తిరిగింది. “మీరు ఒకే ఇంట్లో ఉంటారు కదా. ఈమెకి అలాంటి జ్ఞాపకశక్తి ఉందా?”

చెల్లెలు బావగారి మొహంలోకి సూటిగా చూసింది. ఒక్క ‘ఉంది’ చాలు. ఆయన చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఉందంటే, అన్నీ తెలిసే మరదలిని ఎందుకు పట్టించావని అడుగుతారు. ఆ సంగతి ఆయనకి మనకన్నా బాగా తెలుసు.

“ఇంటి విషయాలు నేను పెద్దగా పట్టించుకోను మేడమ్. అలాంటిది నేనెప్పుడూ గమనించలేదు.”

వరండాలో చీర చెంగు కదిలింది.

చెల్లెలు సంచీ తెరిచింది. “మేడమ్, ఒక పేజీ అప్పజెప్పడానికి అనుమతి ఇవ్వండి. సార్ రాసిన పుస్తకం, నలభై ఒకటో పేజీ. మీరు చూస్తూ వినండి.”

ఎడంవైపు ప్రొఫెసరు పుస్తకం తీసుకుని పేజీ వెతికాడు. చెల్లెలు చేతులు కట్టుకుని, స్కూలు పిల్లలా నిలబడి, గొడుగు దగ్గర మొదలుపెట్టింది. ప్రొఫెసరు వేలు వాక్యం కింద వాక్యం కదిలింది. పేజీ చివరికి వచ్చేసరికి ఆయన తల అడ్డంగా ఊపాడు. “ఒక్క అక్షరం తప్పు పోలేదు,” అన్నాడు ఆశ్చర్యంగా. బావగారు కూడా నవ్వబోయాడు. ఎంతయినా తన పుస్తకం కదా.

“ఇంకోసారి చెప్తాను మేడమ్. ఈసారి మీరు ఇది చూస్తూ వినండి.”

జిరాక్స్ కాగితాలు మేడమ్ ముందు పెట్టి, అదే గొడుగు దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది. అదే గొంతు, అవే వాక్యాలు. మేడమ్ పెన్సిలు కాగితం మీద మెల్లిగా నడిచి, సగం పేజీ దగ్గర ఆగిపోయింది. చెల్లెలు మాత్రం ఆగలేదు. కడదాకా చెప్పింది.

యూనివర్సిటీ ఇంగ్లీషులో ఏదీ ఖాయంగా అనకూడదని, ‘కావచ్చు’, ‘అనిపిస్తోంది’ అనాలని బావగారే క్లాసులో నేర్పాడు. చెల్లెలు ఆ పాఠం బాగానే వంటపట్టించుకుంది.

“సార్ పుస్తకం ముప్పై ఏళ్ళ కిందటి పుస్తకాన్ని కొంతవరకు పోలి ఉన్నట్టు అనిపిస్తోంది మేడమ్. నేను చేసింది తప్పే కావచ్చు. తెలియక చేశాను. తెలియనివాళ్ళకి నేర్పడానికి రాసిన పుస్తకంలో తెలిసి చేస్తే దాన్నేమంటారో నాకు తెలియదు. ఆ పాఠం సార్ ఇంకా చెప్పలేదు.”

బావగారి మొహం కందగడ్డలా అయింది. చెల్లెలికి కడుపు నిండినట్టయింది.

“దీనికి మీరేమంటారు?” అడిగింది మేడమ్.

బావగారు గ్లాసెడు నీళ్ళు తాగాడు. కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత చాలా మర్యాదగా, చాలా బాధగా అన్నాడు. “నిజం చెప్పాలంటే మేడమ్, ఈ పుస్తకం నేను రాయలేదు. నా భార్య రాసింది. ఎక్కణ్ణుంచి ఎత్తి రాసిందో నేను సరిచూసుకోలేదు. ఆమెను నమ్మడమే నా తప్పు.”

చెల్లెలు మేడమ్ ముందున్న కాగితాల వైపు చూసింది. పుస్తకం అచ్చయిన పదేళ్ళలో ఒక్కసారైనా ఆ నోట రాని మాట ఇవాళ వచ్చింది, నింద మోపడానికి వచ్చింది. ఆ మాట పుట్టించింది తనే. అక్క వద్దంది ఇందుకేనా?

“అబద్ధం... మేడమ్, అది కాదు, మా అక్క అందరి పేర్లూ...” ఇంగ్లీషు ఒక్క ముక్క నోటికి రాలేదు. కంఠతా పట్టిన పుస్తకాలన్నీ ఎటు పోయాయో.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. అక్క లోపలికి వచ్చింది. చెల్లెలి పక్కన నిలబడలేదు, మొగుడి పక్కకీ వెళ్ళలేదు. బల్లకి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

“మీరెవరు?” అన్నాడు కుడివైపు ప్రొఫెసరు.

“ఆ పుస్తకం రాసినదాన్ని.” ఆవిడ ఇంగ్లీషు తడబాటు లేకుండా, నెమ్మదిగా నడిచింది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“నువ్వు ఇంటికి వెళ్ళు,” అన్నాడు బావగారు, తెలుగులో, పళ్ళ బిగువున.

అక్క ఆయన వైపు తిరిగింది. నాలుగు రోజులుగా, బహుశా పదేళ్ళుగా, దాచుకున్న గొంతు అది.

“పుస్తకం సంగతి మీరే చెప్పేశారు, మంచిదే. మరి మీ డాక్టరేటు ఎవరు రాశారో మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”